‘లాక్టోజ్ ఉంటేనే’ అనాలా, ‘లాక్టోజ్ వల్ల’ అనాలా?

సందేహం: “లాక్టోజ్ ఉంటేనే ఈ-కోలి బ్యాక్టీరియాలో బీటా గెలాక్టోసిడేజ్ ఎంజైము తయారవుతుంది” అని ప్రయోగ నివేదికలో రాశాను. మా అధ్యాపకులు ‘ఉంటేనే’ కొట్టేసి ‘వల్ల’ అని దిద్దారు. రెండింటికీ అర్థం ఒకటే కదండీ?
– ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని

సమాధానం: ఒకటి కాదమ్మా. ‘వల్ల’ కారణం చెబుతుంది. ‘ఉంటే’ చేదర్థకం, షరతు పెడుతుంది. దానికి ఏకారం చేరిందా, ఇక మరో దారే లేదని తేల్చేసినట్టు.

ఇక్కడ అలా తేల్చడానికి వీల్లేదు. లాక్టోజ్ అంటే పాలలోని చక్కెర, దాన్ని విడగొట్టే ఎంజైమే బీటా గెలాక్టోసిడేజ్. లాక్టోజ్ లేని యానకంలో (బ్యాక్టీరియాను పెంచే పోషక పదార్థంలో) పెరిగే కణాల్లోనూ ఈ ఎంజైము అణువులు కొద్దిగా ఉంటాయి. ఆ కొద్దే కీలకం. కణంలోకి చేరిన లాక్టోజ్‌లో కొంత భాగాన్ని అల్లోలాక్టోజ్‌గా మార్చేది ఆ ఎంజైమే. అల్లోలాక్టోజ్ వెళ్లి రిప్రెసర్ ప్రోటీనుకు అంటుకుంటే, అంతవరకు జన్యువును అణచి ఉంచిన ఆ రిప్రెసర్ పట్టు వదులుతుంది. అప్పుడు ఎంజైము జోరుగా తయారవుతుంది. మీ ‘ఉంటేనే’ నిజమైతే ఈ పని మొదలయ్యేదే కాదు! పైగా లాక్టోజ్ బదులు, అల్లోలాక్టోజ్‌ను పోలిన ఐపీటీజీ అనే కృత్రిమ రసాయనం వేసినా ఎంజైము తయారవుతుంది. బ్యాక్టీరియాకు అది ఆహారం కూడా కాదు.

రిప్రెసర్ సంగతిని 1961లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో వివరించారు. లాక్టోజ్‌ను కారణంగా చెప్పడానికి ఆధారం ఉంది కనుక ‘వల్ల’ చెల్లుతుంది.

అయినా అంతటితో ఆపితే గ్లూకోజ్ మాట మరుగున పడుతుంది. రెండు చక్కెరలూ కలిపి పెడితే ఈ-కోలి ముందు గ్లూకోజ్‌నే వాడుకుంటుంది. అందుకని ఇలా రాయండి: “లాక్టోజ్ వల్ల ఎంజైము ఉత్పత్తి బాగా పెరుగుతుంది, కానీ లాక్టోజ్ ఉన్నా, గ్లూకోజ్ ఉన్నంతసేపూ ఉత్పత్తి తక్కువగానే ఉంటుంది.” ‘ఉన్నా’ అనే అప్యర్థకం (‘అయినా సరే’ అనే అర్థమిచ్చే రూపం) ఎంత పని చేసిందో చూడండి! ఒక పరిస్థితిని మరొకటి ఎలా అడ్డుకుంటుందో రెండక్షరాల్లో చెప్పింది. ఇంత చక్కని సాధనం చేతిలో ఉండగా ‘ఉన్నప్పటికిని కూడా’ అని సాగదీయకండి.

ఉష్ణోగ్రత విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. బ్యాక్టీరియాను 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెంచి లాక్టోజ్ ప్రభావం చూశారనుకోండి, ‘37 డిగ్రీల వద్ద’ అనాలి. అక్కడ ఉష్ణోగ్రత ప్రయోగ పరిస్థితి మాత్రమే, మీరు చూస్తున్న కారణం కాదు. అదే కణాలను ఒక్కసారిగా 42 డిగ్రీలకు మారిస్తే, దెబ్బతిన్న ప్రోటీన్లను తుంచే లాన్ ప్రోటియేజ్ లాంటి ఎంజైములు ఎక్కువగా తయారవుతాయి. అక్కడ ‘వేడి వల్ల’ అని నిస్సంకోచంగా రాయవచ్చు.