టీచరమ్మ ఇంటికి కెమెరా తీసుకుపోకు, అల్లుడూ

అల్లుడూ,

టీచరమ్మ కథ మీద నువ్వు తీయబోయే సినిమా స్క్రిప్టు రెండుసార్లు చదివిన. ఫోన్‌లో చెబితే మధ్యలోనే "అది నేను చూసుకుంటా మామా" అంటావు, అందుకే రాస్తున్నా.

కథ మంచిదే పట్టుకున్నావు. పత్తి ఏరే కాలంలో బడి మాన్పించిన పదకొండేళ్ల పిల్ల, పెద్దయ్యి టీచరయ్యాక తన సంగతి తానే రాసుకున్న ఎనిమిది పేజీలు. కానీ నీ స్క్రిప్టులో పిల్ల కంటే వెనక నుంచి వచ్చే ఆమె గొంతే ఎక్కువుంది, లెక్కపెట్టిన, ముప్పై ఒక్క చోట్ల. "ఆ రోజు నాన్న మీద మొదటిసారి కోపమొచ్చింది" అని కథలో రాస్తే సరిపోతుంది, తెరమీద అదే మాట చదివిస్తే ఇక చూడ్డానికేముంటుంది? నాన్న నీళ్లడిగితే చెంబు చేతికియ్యకుండా గడప మీద పెట్టి పోయిందనుకో, కోపం అక్కడే కనబడుతుంది.

నేను ఈ తప్పు చేసినవాణ్నే. 2003లో మా నాన్న మీద నేను రాసుకున్న కథనే నలభై నిమిషాల సినిమా తీసిన, చిన్న క్యాసెట్ కెమెరాతో. నాన్న వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసినవాడు, 1934లో మొదలైన మిల్లు అది, మీ తరానికి పేరే మిగిలింది. ఒక రాత్రి తాగొచ్చి అన్నం పళ్లెం విసిరేస్తాడు, అమ్మ గోడకానుకుని ఏడుస్తుంది, మీద నా గొంతు. హన్మకొండలో చిన్న హాల్లో వేస్తే సగంమంది వాచీలు చూసుకున్నారు. అమ్మ ముందు వరసలో కూర్చుంది. వాపసు వస్తుంటే ఆటోలో అన్నది: "ఆ రాత్రి నేను ఏడ్వలేదురా. పళ్లెం కడిగి మళ్ల అన్నం పెట్టిన." అమ్మ ఇంట్లోనే ఉంది, నేను ఒక్క మాట అడగలేదు. నా కథే కదా అనుకున్న.

అందుకే ముందు టీచరమ్మ దగ్గర కూర్చో. ఆమెను బడి మాన్పించిన అన్నయ్య ఉన్నాడు చూడు, కథలో విలన్‌లా కనబడే ఆయన, ఇంకా ఊళ్లోనే ఉన్నాడట. ఆయన్నీ కలువు. రేపు ఆయన మనవళ్లు ఫోన్‌లో ఈ సినిమా చూస్తారు. పేర్లు, ఊరు మార్చినా ఆ ఊరివాళ్లు పోల్చుకుంటారు. ఆయన చెప్పిందంతా సినిమాలో పెట్టమనట్లేదు, వినకుండా మాత్రం తీయకు.

ఆమె కథను సినిమా తీసే హక్కుల సంగతి. "టీచరమ్మ ఊఁ అన్నది మామా" అంటే చాలదు. రాతపూర్వకంగా, ఆమె సంతకంతో ఉండాలి, డబ్బెంతో, ఎన్నేళ్లకో, ఎక్కడెక్కడ చూపిస్తావో రాయి. ఏళ్లు రాయకపోతే కాపీరైట్ చట్టం ప్రకారం ఐదేళ్లే. వేరే మాట రాసుకోకుండా ఏడాది లోపల ఆ హక్కు వాడకపోతే అది పోయినట్టే. నీ ఉద్యోగంతో ఏడాది ఎట్లా గడుస్తుందో నాకు తెలుసు.

ఇంకోటి, షెడ్యూల్లో మార్చి అని రాసుకున్నావు. మార్చిలో చేను తెల్లగా ఎక్కడుంటుందిరా? జూన్ వానలకు పెడితే అక్టోబర్ చివర్నుంచి కాయ పగులుతుంది, ఏరుడు జనవరి దాకా. సత్యజిత్ రాయ్ అంతటివాడు 'పథేర్ పాంచాలి'కి రెల్లుపూల చేలో ఒకరోజు షూటింగ్ చేసి మళ్లీ వెళ్లేసరికి పశువులు పూలు మేసేశాయట, మరుసటి ఏడు పూసేదాకా ఆగాడు. నువ్వూ నవంబర్ దాకా ఆగు. ఈలోగా ఆ పిల్ల వేషం వేసే అమ్మాయికి నిజంగా పత్తి ఏరడం నేర్పించు: ఎండిన కాయ మొనలకు వేళ్లు గీరుకుపోవాలి, నడుముకు కట్టిన ఒడి బరువెక్కేకొద్దీ నడక మారాలి. ఇది నటించి చూపించలేరు.

కానీ చట్టం కూడా చూసుకో. పద్నాలుగేళ్ల లోపు పిల్లతో రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, అందులో కూడా విరామం లేకుండా మూడు గంటలే, జిల్లా మేజిస్ట్రేట్ అనుమతీ కావాలి. బడి మాన్పించిన పిల్ల కథ తీస్తూ ఇంకో పిల్లకు బడి మాన్పిస్తే బాగుండదు మరి.

యాస గురించి గట్టిగా చెబుతున్నా. హైదరాబాద్ నుంచి తెచ్చే అమ్మాయి తెలంగాణ మాట్లాడుతుందన్నావు. ఏ తెలంగాణ? మా దిక్కు "ఏం జేత్తానవ్" అంటారు, ఆమె "ఏం జేస్తున్నవ్" అంటుంది. తల్లి పాత్రకు ఇక్కడి మనిషినే పెట్టుకో, కెమెరా ముందు కొంచెం బిగుసుకుపోయినా సరే. ధ్వని అక్కడికక్కడే రికార్డు చేస్తానంటున్నావు, మంచిదే, కానీ నువ్వు చూసిన చేను కాజీపేట లైనుకు దగ్గర, ప్రతి సీన్లో రైలు వినబడుతుంది. లోపలి ఊళ్లు వెతుకు. సెన్సార్, ఫెస్టివల్ టెన్షన్లు ఎడిటింగ్ అయ్యాక పడొచ్చు.

వచ్చే ఆదివారం పొద్దున హన్మకొండ బస్టాండు దగ్గరికి రా, టీచరమ్మ ఇంటికి నేనే తీసుకుపోతా. కెమెరా తేకు, ఫోన్ జేబులోంచి తీయకు. కథలో పలక పగిలిన సంగతి ఉంది కదా, అది ఎవరు పగలగొట్టారో ఆమె రాయలేదు. కుదిరితే అది అడుగుదాం.

మీ మామ