హాగర్డ్ నవలలో మా నాయనమ్మ పట్టుకున్న తప్పు

పాతకాలపు ఇంగ్లిష్ రచయిత రైడర్ హాగర్డ్ సాహస నవలలు ఈ రోజుల్లో చదవబుద్ధవుతాయా అని ఒకరు అడిగారు. శుభ్రంగా అవుతాయి. ఇంగ్లిష్ ముక్క రాని మా నాయనమ్మకే నచ్చాయి.

డిగ్రీలో ఉండగా అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఆయన రాసిన 'కింగ్ సాలమన్స్ మైన్స్' అట్ట ఊడిన ప్రతి కొన్నాను. సాలమన్ రాజు వజ్రాల గనుల్ని వెతుక్కుంటూ కొందరు తెల్లవాళ్లు ఆఫ్రికా లోపలికి వెళ్లే కథ. (అప్పట్లో బేరమాడితే పది రూపాయలు. ఇప్పుడు పీడీఎఫ్ ఉందా అంటారు, అది వేరే ఏడుపు.) వేసవికి ఊరెళ్తే రాత్రిళ్లు కరెంటు ఉండేది కాదు. వాకిట్లో మంచాలేసుకుని, పగలు చదివింది నాయనమ్మకి తెలుగులో చెప్పేవాణ్ణి. కుకువానాలనే అక్కడి తెగవాళ్ల చేతికి చిక్కిన తెల్లవాళ్లలో కెప్టెన్ గుడ్‌కి సగం గడ్డమే గీసుంటుంది, పెట్టుడు పళ్లు, కింద ప్యాంటు లేదు. ఆ తెల్లకాళ్లు చూసి వీళ్లు నక్షత్రాల్లోంచి దిగారనుకుంటారు వాళ్లు. ఆవిడకి నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది.

తర్వాత గుడ్ పంచాంగం తీసి, రేపు సూర్యగ్రహణం ఉంది, సూర్యుణ్ణి మేమే ఆర్పేస్తామని బెదిరిద్దాం అంటాడు. నాయనమ్మ విసనకర్ర ఆపేసింది.

"ఒరేయ్, ఇందాక పున్నమి వెన్నెలన్నావుగా?"

"అవును."

"తెల్లారేసరికి సూర్యగ్రహణం ఎలా పడుతుందిరా? అమావాస్య ఎటుపోయింది?"

టార్చిలైటు వేసి చూశాను. పుస్తకంలో అలాగే ఉంది.

1885 నాటి మొదటి ముద్రణలో తప్పు నిజంగానే ఉందనీ, తర్వాత చంద్రగ్రహణంగా దిద్దారనీ చాలా ఏళ్లకి తెలిసింది. లండన్‌లో అచ్చేసినవాళ్ల ఇళ్లలో ముసలమ్మలు లేరు కాబోలు! స్టీవెన్సన్ రాసిన సాహస నవల 'ట్రెజర్ ఐలండ్'లో సగం బాగానైనా రాయలేవని తోడబుట్టినవాడు పందెం కాస్తే హాగర్డ్ దీన్ని ఆరు వారాల్లో రాసేశాడట. ఆ తొందరే నాకిష్టం. దక్షిణాఫ్రికాలో ఉద్యోగం చేసొచ్చినవాడు, ఎడారిలో దాహం గురించి రాస్తే మనం లేచి మంచినీళ్లు తాగాల్సిందే.

అన్నట్టు, సాలమన్ రాజుకి ఆఫ్రికాలో వజ్రాలెక్కడివండీ? బ్రెజిల్‌లో దొరికేదాకా లోకానికి వజ్రాలంటే దాదాపు మన దేశానివే. ఆ కథ కృష్ణ ఒడ్డున, ఒకప్పటి వజ్రాల గనుల ఊరు కొల్లూరులో జరగాల్సింది.

నాకు గిట్టనిది ఒక్కటే. జబ్బుపడ్డ గుడ్‌కి సేవ చేసి బతికించిన కుకువానా పిల్ల ఫౌలటాని కథలో చంపేశాడు హాగర్డ్. పైగా తెలుపూ నలుపూ కలవవు, నేను పోవడమే మేలని ఆ పిల్ల నోటితోనే అనిపించాడు. అది నాయనమ్మకి చెప్పబుద్ధి కాలేదు. ఇద్దరికీ పెళ్లయిందన్నాను.

"గ్రహణం అయిన ఎన్నో రోజుకి పెట్టుకున్నారు ముహూర్తం?" అంది.

పదహారు అన్నాను నోటికొచ్చినట్టు. వేళ్లమీద లెక్కపెట్టి, సరేనంది.