ఇంటి పన్ను, దొంగతనాలు: ఈ రెండు మాటలతో కార్పొరేటర్ నెగ్గుకురాగలడా?

మీ అన్నయ్య కార్పొరేటర్‌గా నిలబడతానంటున్నారని, "ఇంటి పన్ను తగ్గిస్తా, దొంగతనాలు ఆపిస్తా" అన్నదే ఆయన ప్రచారమని, అది పనికొస్తుందా అని అడిగారు. అచ్చం ఈ రెండు మాటలతోనే గెలిచిన మనిషి దగ్గర నేను నాలుగేళ్లు అర్జీలు రాసిపెట్టాను. జీతం లేదు, చాయ్‌కి మాత్రం లోటు ఉండేది కాదు. పేరు చెప్పను. మా డివిజన్‌లో చిన్నాపెద్దా అందరికీ ఆయన "అన్న".

2007లో హైదరాబాద్ చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను సిటీలో కలిపి జీహెచ్‌ఎంసీ, అంటే గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ చేశారు. మాదీ అలా కలిసిన ప్రాంతమే. సిటీలో కలిస్తే పన్ను మోత మోగిపోతుందని జనానికి గుబులు. 2009లో అన్న గెలిచింది ఆ గుబులు వల్లే. తీరా కుర్చీలో కూర్చున్నాక తెలిసింది, రేటు ఆయన చేతిలో లేదని. ఇంటికైతే నెల అద్దె విలువను బట్టి 17 నుంచి 30 శాతం, దుకాణానికి 30. ఒక్క కార్పొరేటర్ మార్చగలిగేది కాదది.

మరి ఆయన చేసిందేంటి? ఏప్రిల్ వస్తే కాలనీ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆ నెలలో కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఉంటుందని అప్పట్లో సగం మందికి తెలియదు. పీటీఐఎన్, అంటే ఇంటి పన్ను గుర్తింపు నంబరు దొరకని ముసలివాళ్లకు పాత రసీదులు వెతికించి రాసిచ్చేవాడు.

నా సంగతీ చెప్తా. కింది పోర్షన్ కిరాణా షాపుకి ఇచ్చి, కాగితాల్లో ఇల్లు అనే ఉంచేశాను. నోటీసు వచ్చింది. ఇన్నాళ్లు చాకిరీ చేశాను కదా, మాఫీ చేయిస్తాడనుకుని వెళ్లాను. "షటర్ కనబడుతనే ఉంది కద తమ్మీ, నేనెట్ల ఇల్లని రాపియ్యాలె? బాకీ పెట్టకు, నెలకు రెండు శాతం మిత్తి పడ్తది" అన్నాడు. కోపంతో పదిహేను రోజులు అటు వెళ్లలేదు. చివరికి కట్టాను, వేరే దారి లేక.

నేరాల విషయం ఇంకా చిక్కు. పోలీసులు రాష్ట్ర ప్రభుత్వం కింద ఉంటారు, స్టేషన్‌లో కార్పొరేటర్ మాట చెల్లాలనేం లేదు. అప్పట్లో గొలుసు దొంగల భయానికి మా వీధి ఆడవాళ్లు పసుపుతాడుతోనే గుడికి వెళ్లేవారు. అన్న మమ్మల్ని వెంటేసుకుని రాత్రి తొమ్మిదింటికి తిరిగేవాడు. దీపం వెలగని స్తంభం కనిపిస్తే దాని నంబరు నోట్‌బుక్కులో ఎక్కించడం నా పని. పొద్దున్నే ఆ జాబితాతో వార్డు ఆఫీసుకి. 2013లో ప్రజాభద్రత చట్టం వచ్చి జనం ఎక్కువగా వచ్చే షాపులు, ఫంక్షన్ హాళ్లు కెమెరాలు పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు, ఒక్కో దుకాణం గడప తొక్కి "ఒక కెమెరా రోడ్డు దిక్కు తిప్పుండ్రి" అని బతిమాలాడు. దొంగలు దొరికారా అంటే, ఒకసారి ఒక బండి నంబరు దొరికింది, అంతే. కానీ చీకటి సందులు తగ్గాయి. నన్నడిగితే ఆయన చేసిన పనుల్లో అదే పెద్దది.

ఇంత చేసినా రాజకీయంగా ఎదిగాడా? లేదు. 2014 డిసెంబరులో పాలకవర్గం గడువు తీరి, 2016 ఫిబ్రవరి దాకా ఎన్నికలే లేవు. ఆ ఎన్నికల్లో సగం సీట్లు మహిళలకు, మా డివిజన్ కూడా అందులో పడింది. వదినను నిలబెట్టారు, ఓడిపోయింది. ఆ ఎన్నికల ముందే ఏడాదికి 1,200 రూపాయల లోపు ఇంటి పన్నును 101 రూపాయలకు తగ్గించింది రాష్ట్ర ప్రభుత్వం. జనానికి అది గుర్తుంది గానీ గేటు దగ్గర కుర్చీ గుర్తులేదు. 2020లోనూ అంతే, ఎన్నికల ముందు 15 వేల లోపు పన్నులో సగం మాఫీ అన్నారు. ఇచ్చేవాళ్లు పైన ఉన్నప్పుడు కింద కూర్చున్నవాడికి పేరేం వస్తుంది? పైగా షటర్లున్న ఇళ్లవాళ్లు వదినకు ఓటేసి ఉండరని నా అనుమానం. నేనైతే వేశాను.

అందుకని మీ అన్నయ్యకు నా మాటగా చెప్పండి: "పన్ను తగ్గిస్తా" అన్నది కరపత్రంలోంచి తీసేసి, "పన్ను కాగితాలు సరిచేయిస్తా" అని రాసుకోమనండి. రేపు రాత్రే ఒక టార్చిలైటు, నోట్‌బుక్కు పట్టుకుని స్తంభాల నంబర్లు రాయడం మొదలెట్టమనండి. ఇంకోటి, డివిజన్ రిజర్వేషన్ ఏమవుతుందో తేలేదాకా ఫ్లెక్సీలకు అడ్వాన్స్ ఇవ్వొద్దు. మా అన్న ఇచ్చాడు.