పెద్ద వీణా? గిఫ్టు వీణా? ముందు మీ రోజు కూలి లెక్క తేలాలి

ప్రశ్న: బొబ్బిలి దగ్గర వీణలు చేస్తాను. కచేరీ వీణ రూ.32,000. సామాను ఖర్చు రూ.12,000, పని 24 రోజులు. తొమ్మిది ఆర్డర్లున్నాయి. ఒక్కోదానికి తీసుకున్న రూ.5,000 అడ్వాన్సు ఇంటి ఖర్చులకే అయిపోయింది. మూడు నెలల్లో ఇస్తానని చెప్పాను. ఇప్పుడు విశాఖ నుంచి ఒకరు రెండు నెలల్లో 300 గిఫ్టు వీణలు అడుగుతున్నారు. ఒక్కోటి రూ.1,500, సామాను, పెట్టె రూ.450, మధ్యవర్తికి రూ.225, ఒక రోజు పని. నా మనసు పెద్ద వీణ మీదే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: పెద్ద వీణలో మీకు మిగిలేది రూ.20,000. 24 రోజులకు పంచితే రోజుకు రూ.833. గిఫ్టు వీణలో రోజుకు రూ.825. అంటే మనసుకు నచ్చిన పని చేసి మీరు నష్టపోవడం లేదు. గిఫ్టు వీణ డబ్బు త్వరగా చేతికొస్తుంది కాబట్టి ఎక్కువ అనిపిస్తోంది, అంతే.

అసలు చిక్కు మీరిచ్చిన గడువులో ఉంది. తొమ్మిది వీణలంటే 216 పనిరోజులు. నెలకు 25 రోజుల చొప్పున వేరే పని ముట్టుకోకపోయినా దాదాపు తొమ్మిది నెలలు. ఈ వారమే తొమ్మిది మందికీ ఫోన్ చేసి వరుస నంబరు, నిజమైన నెల చెప్పండి. పాత ధర మార్చకండి. వరుస ఐదుకు దిగేదాకా కొత్త ఆర్డరు వద్దు. ఆ తర్వాత ధర రూ.36,000 చేయండి, రోజుకు రూ.1,000 పడుతుంది. అంతమంది ఎదురు చూస్తున్నారంటే మీ ధర తక్కువగా ఉందనే అర్థం.

కొత్త ఆర్డరుకు అడ్వాన్సు రూ.15,000 ఉండాలి. అది వేరే ఖాతాలో వేసి, సామానుకే వాడండి. ఇది ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, చేతిలో డబ్బు లేనివాడు దొరికిన పచ్చి పనస దుంగే కొంటాడు. ఒకే దుంగలో తొలిచిన వీణ ఆరేకొద్దీ బీట వారితే 24 రోజుల కష్టమూ పోయినట్టే. మేళం కట్టాక, అంటే మైనం మీద మెట్లు (తీగల కింద ఉండే లోహపు పట్టీలు) అమర్చాక, ఎండల్లో పంపితే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. సరిచేయడానికి వెళ్లే రోజు కూలీ, ఛార్జీలూ ధరలోనే ఉండాలి.

ఇక 300 మీరొక్కరే చేస్తే 300 రోజులు. తొలిచే పని ఊళ్లో తెలిసినవారికి రూ.500 చొప్పున ఇచ్చి, తీగలు, పాలిష్, తుది చూపు మీరుంచుకోండి. ఒక్కోటికి రూ.325 మిగులుతుంది. రోజుకు నాలుగు ముగించగలిగితే రూ.1,300. నెలలో ఏడు రోజులు దీనికి, 18 రోజులు పెద్ద వీణలకు. అప్పుడు తొమ్మిదీ ఏడాదిలో పూర్తవుతాయి. ఫోన్‌లో చెప్పాల్సింది ఈ ఏడాది లెక్క ప్రకారమే. కాబట్టి విశాఖవారికి నెలకు 25 మాత్రమే ఒప్పుకోండి. కుదరదంటే వదిలేయండి.

పాత అడ్వాన్సుల లోటు పూడ్చాలంటే చేతివృత్తులవారికి అప్పిచ్చే కేంద్ర పథకం పీఎం విశ్వకర్మ చూడండి. అందులో వడ్రంగి పని ఉంది. మొదటి విడత అప్పు లక్ష వరకు, మీకు పడే వడ్డీ 5 శాతం, 18 నెలలు. పూర్తి లక్ష తీసుకుంటే నెలకు సుమారు రూ.5,780 కట్టాలి. మీకు లక్ష అక్కర్లేదు, కర్రకు సరిపడా చాలు.

గిఫ్టు వీణలు పంపే ముందే ఉద్యమ్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) చేయించుకోండి, ఉచితం. అది ఉంటే, కాగితం మీద ఎంత గడువు రాసుకున్నా కొన్నవారు 45 రోజుల్లోపు డబ్బివ్వాలి. కాగితం లేకపోతే 15 రోజులే గడువు. మొదటి 25కి డబ్బు ఖాతాలో పడ్డాకే రెండో 25 బండెక్కించండి.