సౌత్ జార్జియా ఫొటో క్రూజ్: మొదటి పడవ ఎన్నింటికి దిగుతుంది?

వసంతకాలం సౌత్ జార్జియా ట్రిప్పులు రెండు చూసి పెట్టుకున్నారు. ఒకటి 18 రోజులు, 110 మంది ప్రయాణికులు. రెండోది అంటార్కిటికా కూడా కలిపి 23 రోజులు, 190 మంది. ధర అటూ ఇటుగా ఒకటే, ఏది ఎంచుకోవాలి అని మీ ప్రశ్న. ఫొటోల కోసమే అయితే మొదటిదే, రెండో మాట లేదు.

సౌత్ జార్జియా దక్షిణ అట్లాంటిక్ సముద్రంలోని దీవి, అక్కడ విమానం దిగే చోటు లేదు. అర్జెంటీనా దక్షిణ కొనలోని ఉషువాయాలో ఓడెక్కితే ఫాక్‌లాండ్స్‌కి ఒకటిన్నర రోజు. అక్కణ్ణుంచి దాదాపు 1,400 కిలోమీటర్లు, అంటే ఇంకో రెండున్నర రోజులు నీళ్లే. తిరుగు ప్రయాణం పడమటి గాలికి ఎదురీత కాబట్టి నాలుగు రోజులు వేసుకోండి. ఈ సముద్రపు రోజులన్నిటినీ కలిపేసి బ్రోషర్లలో ‘18 రోజుల ఫొటోగ్రఫీ’ అని అచ్చేస్తారు. దీవి దగ్గర ఉండేది ఐదారు రోజులు. మూడు చోట్లూ చుట్టే 23 రోజుల ట్రిప్పులో అయితే మూడు నాలుగే. అందులో ఒక రోజు గాలికి పోతుందనే అనుకోండి. దీవిలోని సెయింట్ ఆండ్రూస్ బే అనే తీరంలో హిమానీనదాల మీంచి గాలి ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది, పడవలు ఆపేస్తారు.

ఇక జనం లెక్క. దాదాపు ఏ తీరంలోనైనా ఒకేసారి 100 మందికి మించి దిగకూడదు. 110 మంది ఓడలో గైడ్లు మిగిలిన పదిమందిని పడవలోనే తిప్పుతూ సర్దేస్తారు. 190 మంది అయితే రెండు బ్యాచులు: నాలుగు గంటల దిగుడులో మీ వాటా రెండు గంటలు. మంచి వెలుతురు ఏ బ్యాచుకు దక్కుతుందన్నది లాటరీ.

నెల కూడా చూసుకోండి. వసంతం అంటే మనకు ఉగాది, అక్కడ దసరా-దీపావళి రోజులు. భారీ సముద్ర జంతువులైన ఎలిఫెంట్ సీల్స్‌లో ఆడవి తీరం మీద ఎక్కువగా ఉండేది అక్టోబరు మూడో వారం ప్రాంతంలో. నవంబరు రెండో సగం నుంచి ఫర్ సీల్స్ దిగుతాయి, డిసెంబరుకల్లా కొన్ని తీరాల్లో కాలు పెట్టే సందుండదు. వాండరింగ్ ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షి గూళ్లు చూపించే ప్రయాన్ దీవిని నవంబరు 20 నుంచి జనవరి 7 వరకు మూసేస్తారు. అక్టోబరు చివర బయల్దేరితే మంచు ఇంకా నేల మీదే ఉంటుంది, బురద కనిపించదు. తుపాన్లు ఎక్కువే, ఒప్పుకోవాలి.

ఈ గోలంతా ఒక్క దృశ్యం కోసం. సెయింట్ ఆండ్రూస్ బే తూర్పుకు తిరిగి ఉంటుంది. సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. వెనక లక్షన్నర జంటల కింగ్ పెంగ్విన్ల కాలనీ, ముందు ఆడ సీల్స్ గుంపు, దాన్ని కాపలా కాసే మూడు టన్నుల మగది. ఇంకో మగది నీళ్లలోంచి తల ఎత్తగానే ఇది రొమ్ము లేపి, ముక్కు ఉబ్బించి అరుస్తుంది. ఎదురెండలో ఆ ఊపిరి ఆవిరిలా పైకి లేస్తుంది. అది కనిపించేది సూర్యుడు కిందుగా ఉన్న మొదటి ముప్పావుగంటే. అరుపుతో వెనక్కి తగ్గకపోతే రొమ్ముకు రొమ్ము ఢీ. షట్టర్ వేగం 1/1600 సెకను కంటే తగ్గించకండి. రెండింటికీ మధ్య దారిలో, నీటికీ సీల్‌కీ మధ్యలో నిలబడకండి. అంత బరువూ పరుగెత్తగలదు.

కింగ్ పెంగ్విన్ మెడ పసుపు ఫొటోలో త్వరగా తెల్లగా పాలిపోతుంది. మంచు ఉంది కదా అని ఎక్స్‌పోజర్ పెంచినా, కెమెరా తెర మీద వెలుగు పంపకం చూపే హిస్టోగ్రామ్‌ను కుడి అంచు తాకనివ్వకండి.

నేలకు ఆనించిన కెమెరా ఫొటోలు పాత ఆల్బమ్‌లలో చూసి మోసపోకండి. 2023లో బర్డ్ ఫ్లూ అక్కడికి చేరింది, ఎలిఫెంట్ సీల్స్ బాగా తగ్గాయి. పడుకోవడం, మోకాలు ఆనించడం, బ్యాగు కింద పెట్టడం నిషేధం. గొంతుక్కూర్చోవచ్చు. అలా కూర్చోవడంలో మాత్రం మనవాళ్లదే పైచేయి. స్క్రీన్ తిప్పుకునే కెమెరా, 100-400 లెన్సు ఒక బాడీకి, 24-70 ఇంకోదానికి, రెండూ భుజాలకే. నేలపట్టు పక్షుల కేంద్రంలో పనికొచ్చిందని జూమ్ లేని 600 ఎంఎం లెన్సు మోసుకెళ్తే దించే చోటు కూడా ఉండదు. పెంగ్విన్లే మీ దగ్గరికి నడిచొస్తాయి.

నల్లమలలో తిరిగిన బ్యాగు అయితే జిప్పుల్లో, వెల్క్రోలో, ట్రైపాడ్ కీళ్లలో ఉత్తరేణి గింజలు, గడ్డి ముళ్లు పట్టకారుతో ఏరి, బూట్ల అడుగులు గుండుసూదితో గీకండి. అక్కడి అధికారులు తనిఖీ చేస్తారు, గింజ దొరికితే దిగడమే ఆగిపోవచ్చు. ఓడకు తిరిగొచ్చాక కెమెరాను డ్రైబ్యాగులోంచి వెంటనే తీయకండి. మూతి బిగించి రెండు గంటలు వదిలేయండి, లేకపోతే వెచ్చటి క్యాబిన్‌లో లెన్సు లోపల చెమ్మ పడుతుంది. ఉప్పు తుంపర్లను మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవండి. పొడిగుడ్డ వాడితే ఉప్పు గీతలు పడతాయి.

డబ్బు కట్టేముందు ఏజెంటును అడగాల్సింది ఒక్కటే: తీరానికి దింపే రబ్బరు పడవ, అంటే మొదటి జోడియాక్, ఎన్నింటికి దిగుతుంది? ‘బ్రేక్‌ఫాస్ట్ అయ్యాక’ అంటే అది మామూలు టూరు, పేరుకే ఫొటోగ్రఫీ. ‘వాతావరణాన్ని బట్టి’ అని దాటేస్తే, అదే ఓడ పోయిన సీజన్‌లో ఇచ్చిన ట్రిప్ లాగ్ పంపమనండి. చాలా ఓడలు రోజువారీ లాగ్ రాసి ప్రయాణికులకు ఇస్తాయి. ఏ తీరంలో ఎప్పుడు దిగారో, ఎప్పుడు ఎక్కారో అందులోంచి కూడికలు మీరే వేసుకోండి.