గొర్రె పిల్లకు 0.3 ఎంఎల్ అంటే షుగర్ సిరంజిలో ఎన్ని గీతలు?

ప్రశ్న: మా మందలో గజ్జి పట్టింది. డాక్టర్ గారు ఐవర్‌మెక్టిన్ 1 శాతం ఇంజెక్షన్‌ను కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున వేయమన్నారు. 15 కిలోల పిల్లకు 0.3 ఎంఎల్ అని లెక్క తేలింది. ఇంట్లో షుగర్ సూది ఉంది, అందులో 30 గీత దాకా లాగితే సరిపోతుందా?
– ఒక గొర్రెల పెంపకందారు, వనపర్తి జిల్లా

జవాబు: 30 దాకా లాగకండి. వేసేముందు అడిగి మంచి పని చేశారు.

మీ లెక్క సరైనదే. 1 శాతం మందు అంటే ఒక ఎంఎల్‌లో 10 మిల్లీగ్రాములు ఉంటుంది. 15 కిలోలకు కావలసింది 3 మిల్లీగ్రాములు, అంటే 0.3 ఎంఎల్. తేడా వచ్చేది సిరంజి దగ్గరే. షుగర్ సిరంజి మీద ఉండేవి ఎంఎల్ గీతలు కావు, ఇన్సులిన్ యూనిట్లు. ఎర్ర మూత ఉన్న యూ-40 సిరంజిలో 40 యూనిట్లు కలిస్తే ఒక ఎంఎల్. కాబట్టి 0.3 ఎంఎల్ అంటే 12వ గీత. 30 దాకా లాగితే 0.75 ఎంఎల్ వెళ్తుంది, అంటే రెండున్నర రెట్లు. నారింజ మూత యూ-100 సిరంజిలో మాత్రం 0.3 ఎంఎల్ అంటే 30వ గీతే. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, అందుకే ఇన్ని పొరపాట్లు.

అసలు ఈ పనికి షుగర్ సూది వద్దు. ఐవర్‌మెక్టిన్ చిక్కటి మందు, ఆ సన్నటి సూదిలోకి సరిగా ఎక్కదు. ఎంఎల్ గీతలున్న 1 ఎంఎల్ లేదా 2 ఎంఎల్ సిరంజి తీసుకోండి (సీసీ అన్నా ఎంఎల్ అన్నా ఒకటే). బుడగలు పోయేదాకా సిరంజిని తట్టి, గాలి బయటికి నెట్టాక, నల్ల రబ్బరు సూది వైపు అంచు ఏ గీత దగ్గరుందో చూడండి. మందు చర్మం కింద వేయాలి, కండలోకి కాదు.

మందలో అన్నిటికీ ఒకే డోసు వేయకండి. పిల్లను ఎత్తుకుని కాటా మీద నిలబడి, మీ బరువు తీసేస్తే దాని బరువు వస్తుంది. పెద్ద గొర్రెకు ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, మళ్లీ ఒంటి పొడవుతో (అదీ అంగుళాల్లోనే) గుణించి 660తో భాగించండి. చుట్టుకొలత 26, పొడవు 24 అయితే సుమారు 25 కిలోలు, డోసు 0.5 ఎంఎల్.

ఇప్పటికే ఏ పిల్లకైనా ఎక్కువ వేసి ఉంటే కంగారు పడకండి, ఐవర్‌మెక్టిన్ గొర్రెలు కొంత తట్టుకునే మందే. తూలినా, చొంగ కార్చినా వెంటనే పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేయండి. క్లోసాంటెల్ లాంటి నట్టల మందుల్లో మాత్రం ఇలాంటి పొరపాటు అస్సలు కూడదు, డోసు మించితే గొర్రెలకు చూపు పోతుంది. పాలు పితికే మేకలకు ఐవర్‌మెక్టిన్ వేయకండి. మాంసానికి అమ్మేముందు ఎన్నాళ్లు ఆగాలో సీసా లేబుల్ మీద చూడండి.

గజ్జి ఒక్క సూదితో పోదు, గజ్జి పురుగుల గుడ్లు మిగిలిపోతాయి. రెండో డోసు ఎప్పుడో డాక్టర్ గారినే అడిగి, ఆరోజు పిల్లల బరువు మళ్లీ చూసుకుని వేయండి.