రియాలిటీ షోలలో మాటలు, ఏడుపులు ముందే రాసి ఇస్తారా?

నేను హైదరాబాదులో ఒక పాటల పోటీ కార్యక్రమానికి మూడేళ్లు అసిస్టెంట్ ఎడిటర్‌గా పనిచేశాను. మా దగ్గర ఎవరికీ ఏడుపు రాసి ఇవ్వలేదు. ఆ ఏడుపు ఏ మాట పక్కన రావాలో మాత్రం మేమే నిర్ణయించేవాళ్లం.

పోటీదారుల ఇంటి నేపథ్యం చూపించే చిన్న వీడియోను మేము ఏవీ అంటాం. ఒక అబ్బాయి ఏవీ కోసం వాళ్ల ఊరు వెళ్లాం. టీవీవాళ్లు వస్తున్నారని వాళ్లమ్మ బీరువాలోంచి పట్టుచీర తీసి కట్టుకుంది. మావాళ్లు పాత చీరకు మార్పించారు. వంటింట్లో గ్యాస్ ఉండగా పెరట్లో కట్టెల పొయ్యి వెలిగించమన్నారు. పొగకు కళ్లు మండి ఆమె కొంగుతో తుడుచుకుంది. కెమెరా భుజం మీద పెట్టి తీయడంతో దృశ్యం కాస్త ఊగింది, అనుకోకుండా కంటపడినట్టే ఉంది. ఆ రెండు సెకన్ల కన్నీళ్లను కొడుకు తన కష్టాలు చెప్పే మాటల పక్కన అతికించి, వెనక వేణువు కలిపింది నేనే. పొగ నిజం, కన్నీళ్లు నిజం, అతుకు అబద్ధం. ప్రసారమయ్యాక ఆమె ఫోన్ చేసి, “గ్యాస్ కూడా లేని ఇల్లని మా వియ్యాలవారు అనుకోరా బాబూ?” అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

డాక్యుమెంటరీలోనూ ఎంపిక ఉంటుంది. 1973లో అమెరికాలో పీబీఎస్ అనే ప్రజా ప్రసార సంస్థ, లౌడ్ అనే ఇంటిపేరున్న ఒక కుటుంబం రోజువారీ జీవితాన్ని 12 భాగాలుగా చూపింది. తీసినది దాదాపు 300 గంటలు. ఎడిటింగ్ తమను వక్రంగా చూపిందని తర్వాత ఆ కుటుంబమే బాధపడింది. అయినా అక్కడ ఇల్లు వాళ్లది, గొడవలూ వాళ్లవే. 1999లో నెదర్లాండ్స్‌లో మొదలైన బిగ్ బ్రదర్ అనే షో ఇంటినే కట్టించింది. 2017లో తెలుగులోకి వచ్చిన బిగ్‌బాస్‌దీ అదే పద్ధతి: ఫోన్లు ఉండవు, బయటి కబురు ఉండదు, వారం వారం నామినేషన్లు. అలాంటి చోట మనుషులు తిట్టుకోవడానికి డైలాగులు ఎందుకు? కోపం సొంతమే, కోపం వచ్చే పరిస్థితి మాత్రం ఇంకొకరు అమర్చినది.

అతుకులు పట్టుకోవడం మీకూ కష్టం కాదు. మాట ఒకరిదై, తెర మీద ఇంకొకరి ముఖం కనిపిస్తుంటే ఆ మాట రెండు చోట్ల నుంచి తెచ్చి కలిపినది కావచ్చు. పాటల పోటీల్లోనైతే న్యాయనిర్ణేత ముందున్న గ్లాసు చూడండి. పాట మొదట్లో సగమే ఉన్న నీళ్లు, మధ్యలో ఆయన మురిసిపోయే షాట్‌లో నిండుగా కనిపిస్తే, ఆ మురిపెం బహుశా వేరే పిల్ల పాటది.